మూడు చుక్కల షాఫ్టు

కోయంబత్తూరు,
ఆదివారం పొద్దున.

అన్న మద్దిలేటికి,

నీ చెల్లెలు రాజేశ్వరి నమస్కారాలు. అమ్మకు, వదినకు కూడా ఇందులోనే చెబుతున్నాను. వాళ్ళకు వేరే కాగితం పెట్టలేదని అలగొద్దని చెప్పు. నేనిక్కడ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాను. బేతంచెర్లలో మీరందరూ అలాగే ఉన్నారని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కర్నూలు డాక్టరు ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, లేక డబ్బాతో సహా బీరువాలో దాచావా? దాచే ఉంటావు, నాకు తెలుసు.

అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఏళ్ళు బండలు కోసే ఫ్యాక్టరీల నడుమ లేత్ తిప్పిన చెవులు నీవి. ఫోన్లో నేను పది మాటలు చెబితే నాలుగు వింటావు, ఆ నాలుగింటిలో రెండింటికి కోపం తెచ్చుకుంటావు. కిందటి నెల మన ఫోన్ అలాగే కదా ముగిసింది. కాగితమైతే నెమ్మదిగా చదువుకోవచ్చు. మధ్యలో కోపమొస్తే మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగి వచ్చి మళ్ళీ తీయొచ్చు.

నీ మూట నిన్న అందింది. బండల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు ఫోన్ చేసి, "అమ్మా, మీ యన్న ఏందో ఇనప ముక్క ఇచ్చినాడు, శానా బరువుండాది, వచ్చి తీస్కపో" అన్నాడు. ఊరి బయట లారీలు ఆగే చోటికి రెండు బస్సులు మారి వెళ్ళాను. నీ పాత టవలు, అందులో వదిన చేసిన ఎండు జొన్నరొట్టెలు, డబ్బాలో శెనక్కాయల పొడి, వాటికింద గ్రీజు కాగితంలో చుట్టిన షాఫ్టు ముక్క. ఒక్క అక్షరం రాసిన చీటీ అయినా లేదు. విప్పి చూసి, ఆ లారీ నీడలోనే కూర్చుని ఏడ్చాను అన్నా. డ్రైవరు పాపం భయపడి నీళ్ళసీసా ఇచ్చాడు. బాధతో కాదులే అని చెబితే నమ్మలేదు. నువ్వైనా నమ్ము.

ముందు ఇక్కడి సంగతులు రాస్తాను, వదిన అవే అడుగుతుంది. నేను ఈ ఊరికి వచ్చి ఐదు నెలలు దాటింది. హాస్టల్ బాగానే ఉంది. నీళ్ళు వస్తాయి, తలుపుకు గడియ గట్టిగా ఉంది, అమ్మను దిగులుపడొద్దని చెప్పు. మన ఊళ్ళో ఈ కాలంలో బండ మీద కాలు పెడితే కాలుతుంది కదా, ఇక్కడ సాయంత్రమైతే పడమటి కొండల నుంచి చల్లటి గాలి వస్తుంది. మొదటి నెలంతా నాకు ఆ గాలికి జలుబే. తిండికి లోటు లేదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రికి మళ్ళీ దోసె. కారం మాత్రం పిల్లలకు పెట్టినట్టు పెడతారు. శెనక్కాయల పొడి తీసుకెళ్ళి నిన్న రాత్రి భోజనాల బల్ల మీద పెడితే, గదిలో నాతో ఉండే అమ్మాయి ఒక చెంచా వేసుకుని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంది. అయినా ఇంకో చెంచా అడిగింది. కాబట్టి ఈసారి పంపేటప్పుడు డబ్బా కొంచెం పెద్దది చూడమను.

పనిదినాల్లో ఏమీ తెలియదు. ఆదివారాలు మాత్రం కష్టంగా ఉంటుంది. మనింట్లో నిద్ర లేచేటప్పటికే ఎదురు ఫ్యాక్టరీలో బ్లేడు బండను కోస్తున్న చప్పుడు వినపడుతుంది కదా. చిన్నప్పుడు ఆ రొదకు తిట్టుకునేదాన్ని. ఇక్కడ ఆదివారం పొద్దున లేచి, ఏదో తక్కువైందే అనుకుని, ఏమిటా అని ఆలోచిస్తే అదే. ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు.

నా పనేమిటని అమ్మ ప్రతి ఫోన్లో అడుగుతుంది. యంత్రాలు తయారుచేసే కంపెనీలో డిజైన్ సెక్షన్ నాది. నువ్వు లేత్ మీద తిప్పే షాఫ్టులే ఇక్కడ కాగితం మీద ముందు లెక్క వేస్తాం. ఎంత లావుండాలి, ఏ ఉక్కు వాడాలి, ఎన్నాళ్ళు తిరుగుతుంది, ఇదే పని. మా సెక్షన్ పెద్ద ఒక పెద్దాయన. ఆయన తాతల కాలం నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరవం కలిసిన ఆ తెలుగు మొదట నాకు సగమే అర్థమయ్యేది. నా సీమ మాట ఆయనకు ఇంకా తక్కువ అర్థమయ్యేది. ఇప్పుడు ఇద్దరం సర్దుకున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఫోన్లో నువ్వు సగం విని పెట్టేశావు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. వదినా, నువ్వూ పక్కనే కూర్చుని అన్నతో పాటు చదువుతున్నావని తెలుసు, నీకు విసుగొచ్చినా ఈ భాగం వదలొద్దు.

కిందటి నెల నా బల్ల మీదికి ఒక షాఫ్టు డ్రాయింగు వచ్చింది. కొన్నవాళ్ళు మిషన్ మీద ఇంకా ఎక్కువ భారం వేయాలంటున్నారు. షాఫ్టుకూ పుల్లీకీ నడుమ గాడిలో కూర్చుని రెండింటినీ కలిపి తిప్పే కీ ఉంటుంది కదా, అది ఆ భారానికి నలిగిపోతుంది. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఒక గాడి సరిపోకపోతే ఎదురుగా ఇంకోటి, అదీ చాలకపోతే నడుమ మూడోది. గీసి తీసుకెళ్ళాను. మన షాపులో పుట్టి పెరిగిన దానికి ఇంకేం తోస్తుంది?

మా సెక్షన్ సార్ దాన్ని చాలాసేపు చూశారు. "ఇది ఎవరు నేర్పించినారమ్మా?" అని అడిగారు.

"మా అన్న" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మంచిది. అలసట లెక్క వేసి తీసుకొని రా" అన్నారు. తిట్టలేదు, నవ్వలేదు.

అలసట లెక్క అంటే ఏమిటో నీకు చెబుతాను. నీకు నాకంటే బాగా తెలిసిన సంగతే, పేరే కొత్తది. బైండింగ్ వైరును తెంపాలంటే కట్టర్ లేనప్పుడు ఏం చేస్తావు? అటూ ఇటూ వంచుతావు. ఒక్క వంపుకు తెగదు, పదిహేను వంపులకు తెగుతుంది. బెల్టు షాఫ్టును ఎప్పుడూ ఒకవైపుకే లాగుతూ ఉంటుంది. షాఫ్టేమో తిరుగుతూ ఉంటుంది. అంటే దాని ఒంటి మీద ప్రతి చోటూ ఒక్కో చుట్టుకు ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. కంటికి కనపడనంత చిన్న వంపే, కానీ పూటకు లక్షసార్లు. అందుకే కొత్త ఉక్కుకు ఉండే బలమంతా తిరిగే షాఫ్టుకు దక్కదు. అందులో సగం మొదటే పోతుంది. పైపొర గరుకుగా ఉంటే ఇంకొంచెం, షాఫ్టు లావు పెరిగితే ఇంకొంచెం పోతుంది. ఆపైన గాడి మూల ఉంది.

ఆ మూల సంగతి బేతంచెర్లలో ఎవరికి తెలియదు? బండను రెండు చేయాలంటే ముందు ఉలితో గీత కొడతారు. తర్వాత సుత్తితో తడితే ఆ గీత వెంబడే పగులుతుంది. బండలో మిగతా బలమంతా అలాగే ఉన్నా దెబ్బంతా గీత దగ్గరికే వచ్చి పోగుపడుతుంది. గాడి అడుగున మూల కత్తిలా ఉంటే అదే మన గీత. ఒక్కో గాడికి రెండు మూలలు కాబట్టి, మూడు గాడులంటే అలాంటి గీతలు మూడు జతలు. పైగా గాడికీ గాడికీ నడుమ మిగిలే ఉక్కు కూడా పలచనవుతుంది.

ఇవన్నీ తీసేసి చూస్తే, నా డ్రాయింగులో షాఫ్టుకు మిగిలిన బలం దాని మీద పడే భారం కంటే తక్కువ వచ్చింది. తప్పు చేశానేమోనని మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ అదే. కీ నలగకుండా కాపాడబోయి షాఫ్టునే విరిచేదాన్ని.

సార్‌కు చూపించబోతూ లేచిన దాన్ని మళ్ళీ కూర్చుండిపోయాను. ఖాసీం మామ షాఫ్టు గుర్తొచ్చింది.

గుర్తుందా అన్నా, పోయిన ఎండాకాలం? కడపలో చివరి పరీక్షలు రాసి ఇంటికొచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు. ఎదురు ఫ్యాక్టరీ నుంచి ఖాసీం మామ తన కటింగ్ మిషన్ షాఫ్టును గోనెపట్టలో చుట్టి భుజాన వేసుకొచ్చాడు. షాఫ్టు చివరి ముఖం మీద, సెంటర్ పంచ్ మొనతో కొట్టిన నీ చుక్కలు రెండున్నాయి. షాఫ్టుకు ఎన్నిసార్లు గాడి కొడితే అన్ని చుక్కలు, అది నీ షాపు ఆనవాయితీ. మొదటి గాడి వెడల్పైపోతే ఎదురుగా రెండోది కొట్టి ఇచ్చావు, ఇప్పుడు అదీ పోయింది. నువ్వు దాన్ని చేతిలో రెండు మూడుసార్లు తిప్పి, "ఇంగ జాగా యాడుందప్పా, కొత్తది చేపిచ్చుకో" అన్నావు. కొత్తది చేయాలంటే ఉక్కు రావాలి, పది రోజులు మిషన్ నిలబడాలి. మామ ముఖం చిన్నబోయింది.

అప్పుడు నేను చాక్‌పీసు పట్టుకుని నడుమకు వచ్చాను. "రెండు గాడులూ ఎదురెదురుగా ఉండాయి గదన్నా. నడుమ ఈ పక్క జాగా ఉండాదే, ఈడ కొడితే సరిపోతాది" అని గీత గీసి చూపించాను.

"ఏమో మ్మే, నాకు మనసొప్పడంల్యా" అన్నావు.

"ఏంటికి ఒప్పదు?" అని అడిగాను. నీకు కారణం చెప్పడం రాలేదు. కారణం చెప్పలేని మాట మాటే కాదని ఆ రోజు నా లెక్క. ఎంత పొగరు అన్నా నాకు! ఇరవై ఏళ్ళు ఉక్కును ముట్టుకున్న చెయ్యి వద్దంటుంటే, నాలుగేళ్ళు పుస్తకం ముట్టుకున్న చెయ్యి గీత గీసింది.

"సదువుకున్న దానివి, నువ్వు సెప్పినాక సరే" అని మిల్లింగ్ మిషన్ మీదికి ఎక్కించావు. పని అయ్యాక సెంటర్ పంచ్ నా చేతికిచ్చి, "మూడోది నువ్వు కొట్టు" అన్నావు. కొట్టాను. మామ నా తల మీద చెయ్యి పెట్టి, "మా ఇంజనీరమ్మ" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళింటి నుంచి సేమియా పాయసం వచ్చింది. గిన్నె నేనే ఖాళీ చేశాను.

ఆ బ్లేడు ఎదురుగా రోజంతా నిలబడేది ఖాసీం మామే. మిషన్ మీద వేరేవాళ్ళను నమ్మడు. షాఫ్టు విరిగితే తిరుగుతున్న బ్లేడు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అది తలచుకోగానే లెక్క కాగితం బల్ల మీదే వదిలేశాను. ఆఫీసు వరండాలోకి వచ్చి నీకు ఫోన్ చేశాను.

ఆ ఫోన్ సంగతి మళ్ళీ రాయడం నీ మీద కోపంతో కాదు. నేను భయంలో, "ఆ షాఫ్టు విరుగుతుంది, మిషన్ ఆపించు" అని అరిచాను. ఎవరైనా అలా చెబుతారా? ముందు నా తప్పు చెప్పి, తర్వాత కదా నీకు పని చెప్పాల్సింది. "సీజన్లో మిషన్ నిలబెట్టమంటాండావా? ఇన్నేండ్ల నుంచి గాడులు కొడ్తాండా, ఒక్కటన్నా ఇరిగిందా? ఆ గీత గీసింది నువ్వే గదా, ఇప్పుడు నాకు నేర్పుతాండావా?" అన్నావు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కిరసనాయిలుతో పరీక్ష చేయమని చెప్పేలోపు పెట్టేశావు. పరీక్ష ఎలా చేయాలో మెసేజ్ పెట్టాను. చూశావని నీలం గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. ఖాసీం మామకు చేస్తే ఆయన నవ్వి, "మద్దిలేటి సెప్తే ఆపుతా బిడ్డా" అన్నాడు.

ఆ రెండు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

మూడో రోజు వదిన ఫోన్ చేసింది. వదిన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, తప్పుంటే ఆమెనే అడుగు. "రాజీ, మీ యన్న పొద్దున్నే ఎదురు ఫ్యాక్టరీకి పోయినాడు. ఖాసీమన్నేమో, ఈ లోడు పోనీప్పా, రేపు సూద్దాం అంటాడు. మీ యన్న పోయి ఫీజు పీకి జోబీలో ఏసుకున్నాడు. ఇంగ ఆయప్ప ఏం జేస్తాడు, ఇద్దరూ కలిసి షాఫ్టు ఊడదీసినారు."

షాఫ్టును కడిగి, గాడులున్న చోట కిరసనాయిలు పోసి నానబెట్టి, శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి చల్లాలని నేను రాశాను. పగులుంటే అందులోకి దిగిన నూనె మళ్ళీ బయటికి ఊరి పొడి మీద గీతగా కనపడుతుంది. పొడి కోసం మీకు వెతుక్కునే పని లేదు. పాలిష్ మిషన్ కింద ఎండిన బండపొడి కుప్పలుగా ఉంటుంది కదా. చల్లి చూశారట. ఏమీ కనపడలేదు. ఖాసీం మామ, "సూడప్పా, ఊరికే బెదిరిచ్చింది బిడ్డ" అని నవ్వి, నిన్ను టీకి తీసుకెళ్ళాడట.

"టీ తాగి వచ్చి సూస్తే ఉండాది రాజీ" అంది వదిన. "మూడో గాడి మూలకాడ, నల్లగా, ఎంటిక మాదిరి. మీ యన్న తుడిచి మల్లా పొడి సల్లినాడు. మల్లా వచ్చింది. ఖాసీమన్న రోజూ తాను నిలబడే జాగా దిక్కే సూస్కుంటా బండ మీద కూలబడినాడు."

 నువ్వు నా మాట ఒప్పుకోలేదు, కానీ నా మాట నిజమై ఉండొచ్చని ఫీజు పీకావు. నిజం కాకపోయినా పీకేవాడివే. నీకు ఆ రోజు పొడి మీద ఏమీ కనపడకపోతే ఊరంతా నవ్వేది, అయినా వెళ్ళావు. దీనికి నేనెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు అన్నా. నువ్వు కాపాడింది ఖాసీం మామ ప్రాణం ఒక్కటే కాదు. ఆ మూడో చుక్క కొట్టిన దాని బతుకును కూడా కాపాడావు. ఏదైనా జరిగి ఉంటే నేను ఈ జన్మలో పెన్ను పట్టుకుని లెక్క వేయగలిగేదాన్నా?

నిన్న వచ్చిన ముక్కను ఈ పొద్దున వెలుతుర్లో పెట్టి చూశాను. రెండో పక్క నుంచి రంపంతో కోసి, సుత్తితో కొట్టి పగులు తెరిచావు కదా. విరిగిన ముఖం మీద గాడి మూల దగ్గర నున్నగా పాలిష్ బండలాగా ఉన్న భాగం, అందులో వంపు వంపు గీతలు. అది రోజురోజుకూ పగులు నడిచిన దారి. మిగతాది గరుకుగా ఉంది, అది నీ సుత్తి దెబ్బకు విరిగింది. నున్నటి భాగం నా బొటనవేలంత. అంటే ఇంకా చాలా ఉక్కు పట్టుకునే ఉంది, అందుకే ఏ చప్పుడూ తేడా రాలేదు. సార్‌కు నిన్ననే ఫోటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి, "విరగక ముందే దీన్ని పట్టుకున్నది ఎవరు?" అని అడిగారు.

"మా అన్న" అన్నాను. ఈసారి గర్వం కొంచెం కాదు.

సోమవారం ముక్కను ఆఫీసుకు తెమ్మన్నారు. మాలాంటి కొత్తవాళ్ళందరికీ చూపిస్తారట. దాని కథ నన్నే చెప్పమన్నారు. మూడో గీత గీసింది నేనేనని కూడా చెబుతాను, దాచను.

ఇప్పుడు నా విన్నపాలు. గాడి పోతే ఇక షాఫ్టునే మార్చు అన్నా, పక్కన ఇంకో గాడి కొట్టొద్దు. పాత గాడిని వెల్డింగుతో పూడ్చడం అసలే వద్దు, ఆ వేడికి ఉక్కు ఇంకా పెళుసవుతుంది. గాడి కోసే కట్టరు మూలలను సానరాయితో కొంచెం గుండ్రంగా రుద్దుకో, అప్పుడు గాడి అడుగున కత్తిమూల రాదు. గాడి చివర షాఫ్టు లావు మారే మెట్టు దాకా పోకుండా ఇవతలే ఆపు. ఒక్క కీ చాలకపోతే దాన్నే పొడుగు చేయి. ఇవి గోడ మీద రాసి పెట్టమని వదినకు చెబుదామనుకున్నాను, ఈలోపే నిన్న సాయంత్రం వదిన ఇంకో సంగతి చెప్పింది.

అమావాస్య నాడు ఫ్యాక్టరీలన్నీ ఆపుతారు కదా. ఆ రోజు నువ్వు కిరసనాయిలు సీసా సంకలో పెట్టుకుని ఒక్కో ఫ్యాక్టరీకి వెళ్ళి, నీ రెండు చుక్కల షాఫ్టులన్నీ ఊడదీయించి చూశావట. "మద్దిలేటి పనికి మద్దిలేటే వంకలు పెడ్తాండాడే" అని ఎవరో నవ్వితే, "నేను సేసినానని గుర్తుండాది గదా, అందుకే నేనే వచ్చినా" అన్నావట. ఆ మాట విన్నాక నీకు ఇంకా చెబుదామనుకున్న నీతులన్నీ మానుకున్నాను. ఇంకో రెండింటిలో గీతలు కనపడ్డాయని, అవి పక్కన పెట్టించావని విని, వదినకు వినపడేలా దేవుడికి దండం పెట్టాను.

పగులు సంగతి తెలిశాక నేను వదిన ఫోనుకు పంపిన డ్రాయింగు ప్రకారమే ఖాసీం మామకు కొత్త షాఫ్టు చేశావట. ఒకే గాడి, పొడుగు కీ, గుండ్రటి మూలలు. చెల్లెలి గీతను ఇంకోసారి నమ్మినందుకు ఏమనాలో తెలియక ఇక్కడ ఒక గీత గీసి వదిలేస్తున్నాను.

________

ఇక ఒక్కటే మిగిలింది. ఫోన్ పెట్టేయబోతూ వదిన, "కొత్తదానికి గుర్తు గూడా కొట్టలేదు రాజీ. పంచ్ పట్టుకుని శానాసేపు నిలబడినాడు. చిన్న గాటైనా పగులుకు మొదలంట గదా, వద్దులే అని పెట్టెలో పడేసినాడు. అప్పటి నుంచి దేనికీ కొట్టడంల్యా" అంది.

రాత్రంతా నాకు అదే ఆలోచన. నేను చెప్పిన దాంట్లో నువ్వు సగమే వింటావనుకున్నాను. నువ్వేమో చెప్పనిది కూడా విన్నావు. అందుకే ఇందాక ఈ ఉత్తరం ఆపి, నీ చుక్కకు కూడా లెక్క వేశాను. నవ్వొద్దు, నిజంగానే వేశాను. నువ్వు గుర్తు కొట్టేది బేరింగు దాటిన చివరి ముఖం మీద. అక్కడ బెల్టు లాగే లాగుడు ఉండదు, తిప్పే బలమూ ఉండదు. ఆ ముఖం మీద పడే భారం సున్నా. సున్నాను ఎన్నిసార్లు హెచ్చవేసినా సున్నాయే అన్నా. ఆ చుక్క నుంచి ఏ పగులూ మొదలుకాదు.

పైగా ఆ చుక్కలే లేకపోతే, అమావాస్య నాడు ఏ షాఫ్టు ఊడదీయాలో నీకు ఎలా తెలిసేది? ఊళ్ళో ఇంకెవరి పనికీ ఆ గుర్తు లేదు. పంచ్ పెట్టెలోంచి తీయి. ఖాసీం మామ మిషన్ ఆపి అన్నానికి కూర్చునే వేళ చూసి, చివరి ముఖం మీద ఒక్క చుక్క కొట్టు. గట్టిగా కొట్టు, లెక్కకు పూచీ నాది.

అమ్మకు, వదినకు, ఖాసీం మామకు, పాయసం పంపిన అత్తకు నా నమస్కారాలు. ఇంటికి వచ్చినప్పుడు ఆ చుక్కను వేలితో తడిమి చూస్తాను. నన్ను దీవించు.

నీ చెల్లెలు,
రాజేశ్వరి